గిటార్ మోడ్స్ కోర్సులో తప్పులు: సరిదిద్దమని, ఫీజు తిరిగి ఇమ్మని ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

నమస్కారం.

కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీద మోడ్స్‌తో (అవే ఏడు స్వరాలను వేర్వేరు స్వరాల నుంచి మొదలుపెడితే వచ్చే స్కేల్స్‌తో) సోలో వాయించడం నేర్పుతామన్న మీ ఆన్‌లైన్ కోర్సులో చేరి నాలుగు నెలలైంది. రోజూ గంటకు తక్కువ కాకుండా కూర్చుని పాఠాలన్నీ పూర్తి చేశాను. ఏడు మోడ్స్ షేపులూ కళ్లు మూసుకుని వాయించగలను. కానీ ఎవరైనా నాలుగు కార్డ్స్ కొడుతూ సోలో వాయించమంటే ఏ స్వరం మీద ఆగాలో తోచడం లేదు. లోపం నాదేనేమో అని చాలా బాధపడ్డాను. చివరికి గిటార్ పట్టుకుని పాఠాలన్నీ మొదటి నుంచి సరిచూస్తే, కొన్ని చోట్ల పాఠాలే తప్పని తేలింది.

ఐదో పాఠంలో ఇచ్చిన జి మిక్సోలిడియన్ చార్ట్ చూడండి. అందులో ఎఫ్ స్వరం ఉండాల్సిన చోటల్లా దానికి ఒక ఫ్రెట్ (గిటార్ మెడ మీద ఒక గడి, అంటే అర స్వరం) పైనున్న ఎఫ్ షార్ప్ ఉంది. అది మామూలు జి మేజర్ స్కేల్. మేజర్ స్కేల్‌లో ఏడో స్వరాన్ని ఒక ఫ్రెట్ తగ్గిస్తేనే మిక్సోలిడియన్ అవుతుంది. జి 7 కార్డ్‌లో ఉండేవి జి, బి, డి, ఎఫ్. దాని మీద ఎఫ్ షార్ప్ పట్టి ఆగితే చెవికి గుచ్చుకుంటుంది. నేను ఆ చార్ట్‌నే మూడు వారాలు సాధన చేశాను. ఇప్పటికీ డి తీగ మీద మూడో ఫ్రెట్‌కు వెళ్లాల్సిన వేలు నాలుగో ఫ్రెట్‌కే పోతోంది. ఒకసారి చేతికి పట్టిన అలవాటును వదిలించుకోవడం ఎంత కష్టమో గిటార్ నేర్పే మీకు చెప్పక్కర్లేదు.

ఏడో పాఠంలో ఎ మైనర్, ఎఫ్, జి కార్డ్స్ మళ్లీ మళ్లీ తిరిగే లూప్ ఇచ్చి, 'మైనర్ కాబట్టి ఎ డోరియన్ వాయించండి' అన్నారు. ఎ డోరియన్‌లో ఎఫ్ షార్ప్ ఉంటుంది. లూప్‌లో రెండో కార్డ్‌కు రూటే (ఆధార స్వరమే) ఎఫ్. ఆ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో మీరే ఒకసారి వాయించి వినండి. అక్కడ సరిపోయేది ఎ ఏయోలియన్, అంటే నేచురల్ మైనర్. డోరియన్‌కూ దానికీ తేడా ఆరో స్వరం ఒక్కటే. లూప్‌లో ఎఫ్ బదులు డి మేజర్ పెట్టి, ఎ మైనర్ నుంచి డికి వెళ్లి వచ్చేలా చేసి ఉంటే డోరియన్ అందం వెంటనే తెలిసేది, ఎందుకంటే ఆ ఎఫ్ షార్ప్ డి కార్డ్‌లోనే ఉంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది తొమ్మిదో పాఠం. డి మైనర్ 7 మీద డి డోరియన్, జి 7 మీద జి మిక్సోలిడియన్, సి మేజర్ 7 మీద సి అయోనియన్ (అంటే సి మేజర్ స్కేల్) వాయించాలని చెప్పి వదిలేశారు. ఈ మూడింటిలోనూ ఉండేది అవే ఏడు స్వరాలు. బార్ బార్‌కూ (తాళంలో ఒక్కో ఆవర్తానికీ) పేరు మార్చుకున్నంత మాత్రాన వినేవాళ్లకు తేడా తెలియదు. నాకు కావలసింది నాకే ఒక సాయంత్రం నెమ్మదిగా వాయిస్తుంటే దొరికింది. డి మైనర్ 7లోని సి ఒక ఫ్రెట్ కిందికి దిగితే జి 7లోని బి అవుతుంది. జి 7లోని ఎఫ్ ఒక ఫ్రెట్ దిగితే సి మేజర్ 7లోని ఇ అవుతుంది. ఆ రెండు అడుగులు వాయిస్తే చాలు, వెనక కార్డ్స్ లేకపోయినా అవి మారుతున్నట్టు వినిపిస్తుంది. ఆ రాత్రి గిటార్ కింద పెట్టబుద్ధి కాలేదు. ఈ ఒక్క మాట మీ కోర్సులో ఎక్కడా లేదు.

మోడ్ రంగు తెలియాలంటే దానికి చోటు కూడా ఉండాలి. జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్'లో 16 బార్లు డి డోరియనే నడుస్తుంది, తర్వాత 8 బార్లు ఇ ఫ్లాట్ డోరియన్ (అదే వరుస ఒక ఫ్రెట్ పైన), మళ్లీ 8 బార్లు డి డోరియన్. అంతసేపు ఒకే రూట్ మీద ఉంటే ఏ స్వరం ఏం చేస్తోందో చెవికి అందుతుంది. శ్రుతి మారితే అవే స్వరాలు వేరే రాగంగా వినిపించినట్టే ఇదీ. కనీసం డి తీగను ఖాళీగా మోగిస్తూ పై తీగల మీద డోరియన్ వాయించే అభ్యాసం ఒకటైనా మీరు ఇవ్వాల్సింది.

ఇవన్నీ రాసి మీకు రెండు మెయిల్స్ పంపాను. మొదటిదానికి 'ఇంకా ప్రాక్టీస్ చేయండి' అని జవాబు వచ్చింది. రెండోదానికి, 30 రోజుల గడువు దాటింది కాబట్టి ఫీజు తిరిగి ఇవ్వలేమన్నారు. మీ పాఠాలు వారానికి ఒకటి చొప్పున తెరుచుకుంటాయి. తప్పున్న ఐదో పాఠం నాకు కనిపించేసరికే ఐదో వారం వచ్చింది. కొన్ని రోజులకే ఆ గడువు ముగిసింది. ఏడు, తొమ్మిది పాఠాలైతే గడువు దాటాకే తెరుచుకున్నాయి. చూడని పాఠం మీద గడువులోపు ఎలా ఫిర్యాదు చేయాలి?

కాబట్టి నేను కట్టిన ఫీజు పూర్తిగా తిరిగి ఇవ్వండి. ఐదు, ఏడు పాఠాలను సరిదిద్ది, పాత చార్ట్ డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి విద్యార్థికీ తప్పు ఎక్కడుందో మెయిల్‌లో చెప్పండి. నాకు డబ్బు కన్నా ఇది ముఖ్యం. ఈ రోజు కూడా ఎవరో ఒకరు ఆ ఎఫ్ షార్ప్‌నే సాధన చేస్తూ ఉంటారు. ఈసారి నా ఉత్తరాన్ని గిటార్ వాయించడం వచ్చిన వారి చేత చదివించి, 15 రోజుల్లోపు జవాబు ఇవ్వగలరు.

దీనితో మీ చార్ట్ కాపీని, జి 7 మీద ఎఫ్, ఎఫ్ షార్ప్ విడివిడిగా వాయించిన రెండు చిన్న ఆడియోలను జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థి