మంత్రి గారూ, మా అమ్మ తుంటిలో ఏం పెట్టారో చెప్పించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం. గాజువాక నుంచి రాస్తున్నాను.

మూడేళ్ల కిందట అమ్మ బాత్‌రూంలో జారిపడితే విశాఖలోనే ఒక ఆస్పత్రిలో తుంటి కీలు మార్చారు. ఈ మధ్య తొడలో నొప్పి అంటోంది. వేరే డాక్టరు గారికి చూపిస్తే ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి, "స్టెమ్ ఏ కంపెనీది, పూత ఉందా?" అని అడిగారు. స్టెమ్ అంటే తొడ ఎముక లోపలికి దింపే లోహపు కడ్డీ. ఫైలంతా తిరగేశాం. డిశ్చార్జి కాగితంలో కీలు మార్చినట్టు ఒక్క ముక్క ఉంది, అంతే. పూత సంగతి ఎక్స్‌రే చూసి చెప్పలేనన్నారు ఆయన.

ఆ పూత ఏమిటో అప్పుడు తెలుసుకున్నాను. ఎముకల సిమెంటు (కీలు బిగించడానికి వాడే జిగురు లాంటిది) లేకుండా బిగించే స్టెమ్ ఎముక దానికి అతుక్కుంటేనే నిలుస్తుంది. టైటానియంతో ఎముక అతుక్కుంటుందని 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేళ్ల మీద పరిశోధన చేస్తూ గమనించారు. ఆ అతుకు త్వరగా పడాలని, మన ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే, హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ పొడిని, ప్లాస్మా అనే వేల డిగ్రీల వేడి వాయువులో కరిగించి లోహం మీద చిమ్ముతారు. మందం చూస్తే మన వెంట్రుకంత, లేదా దానికి రెండింతలు. వేడి లెక్క తప్పితే పూత ఒంట్లో తొందరగా కరిగిపోవచ్చు, పట్టు చాలకపోతే పెచ్చులుగా ఊడొచ్చు. అంత పల్చని పొర మీద అమ్మ నడక ఆధారపడి ఉంటే, అది ఉందో లేదో కూడా మాకు తెలియదు!

ఇంప్లాంట్ పెట్టెలోనే స్టిక్కర్లు వస్తాయి, కంపెనీ, సైజు, లాట్ నంబరుతో. ఒకటి కేస్ షీట్‌కి అంటిస్తారు. ఇంకొకటి రోగి చేతిలో పెట్టడానికి ఎవరికైనా ఏం కష్టం? దాని పక్కనే తెలుగులో, సిమెంటుతో బిగించారా, పూత ఉంటే ఏ రకం అని రెండు లైన్లు రాయించండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేసే ఆపరేషన్లకైతే అది ఇచ్చాకే బిల్లు పాస్ చేయమనండి. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ పెదగంట్యాడలో, మా ఇంటికి ఆటో దూరంలో ఉంది, అయినా మా ఇంట్లో మనిషి ఒంట్లో ఉన్నదేమిటో మాకు తెలియకపోవడం చాలా బాధగా ఉందండీ.

మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే పాత స్టెమ్ వివరాలు కావాలట, దానికి సరిపోయే సామాను తెప్పించుకోవాలి కదా. రికార్డు రూమ్‌కి ఇప్పటికి నాలుగుసార్లు తిరిగాను. సోమవారం మళ్లీ రమ్మన్నారు. ఇంటికొస్తే అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "దొరికిందా అమ్మా?" అని అడుగుతోంది.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కూతురు