డిప్రెషన్‌కు బొమ్మల ఘనత కట్టబెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

డచ్ చిత్రకారుడు వాన్ గో పేరెత్తగానే కోసుకున్న చెవి, డిప్రెషన్, ఆత్మహత్య, ఆ బాధలోంచే పుట్టిన బొమ్మలు అని పత్రికల్లో రాసేయడం మామూలైపోయింది. బొమ్మలు నేర్చుకునే పిల్లలు దాన్ని నిజమని నమ్ముతారు. మందులు వాడితే కళ పోతుందని భయపడేవాళ్లూ ఉంటారు.

ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో ఏం జరిగిందో చూడండి. 1889 మే 8న వాన్ గో తనంతట తానే అక్కడి మానసిక చికిత్సాలయంలో చేరాడు. ఏడాదిలో 150 దాకా చిత్రాలు వేశాడు. 'స్టారీ నైట్' వేసింది జూన్‌లో, కాస్త కుదుటపడి ఉన్న రోజుల్లో. జులైలో జబ్బు తిరగబెట్టి రంగులు మింగేసరికి, కొన్నాళ్లు వాటిని ఆయనకు అందకుండా చేశారు. ఆగస్టు చివరిదాకా పని దాదాపు ఆగిపోయింది. అది డిప్రెషన్ ఒక్కటేనా అన్నదీ తేలలేదు. అప్పటి డాక్టర్లు మూర్ఛ వ్యాధి (ఎపిలెప్సీ) అని రాశారు.

రంగుల్ని బట్టి మనసు చెప్పేయడం ఇంకో పొరపాటు. ఆ మే నెలలోనే వేసిన 'ఐరిసెస్' పూలు ఇప్పుడు నీలంగా ఉన్నాయి. మొదట ఊదా రంగువి. అందులో కలిపిన ఎరుపు వెలుతురుకు వెలిసిపోయి నీలం మిగిలింది. 1890లో వేసిన గులాబీలూ అంతే, గులాబీ రంగు పోయి తెల్లబడ్డాయి. ఆ నీలంలో దిగులు వెతికేవాళ్లు చూస్తున్నది రసాయన మార్పును.

తన బాధలు తన కళలో భాగమని నార్వే చిత్రకారుడు ముంక్ రాసుకున్న మాట నిజమే. అయినా 1908లో కోపెన్‌హేగన్‌లో డాక్టర్ యాకొబ్‌సన్ క్లినిక్‌లో చేరి నెలల తరబడి చికిత్స తీసుకున్నాడు. ఓస్లో యూనివర్సిటీ హాలు గోడల మీది 'సూర్యుడు' ఆ తర్వాతదే. 1944లో పోయేదాకా కుంచె వదల్లేదు.

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు బొమ్మలు వేయడం ఊరటనిస్తుంది, కానీ ఇచ్చే పద్ధతి ఉంది. ఆ జబ్బులో ఏదీ తేల్చుకోలేరు, ఏకాగ్రత నిలవదు. 24 రంగుల డబ్బా, పెద్ద కాన్వాసు ముందు పెడితే చెయ్యి కదలదు. పోస్టుకార్డుకు రెండింతలుండే కాగితం, ఒక బొగ్గు కడ్డీ, రెండు మూడు పేస్టల్స్ (రంగు కడ్డీలు) చాలు. ఇరవై నిమిషాలకు ఆపేయవచ్చు. పొద్దున్నే బరువుగా ఉండేవాళ్లు చాలామంది, వాళ్లకు సాయంత్రం నయం. వాటర్ కలర్ ఇస్తే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం ఇవ్వండి. పల్చటిది తడికి ముడతలు పడుతుంది, రంగు గుంటల్లో చేరుతుంది, చూసుకుని 'నాకేదీ రాదు' అనుకుంటారు. తలుపులు మూసిన గదిలో నూనె రంగుల్ని పల్చన చేసే ఘాటు టర్పెంటైన్ వద్దు. ప్రాణం తీసుకునే ఆలోచనలున్నాయని తెలిస్తే కట్టర్లు, బ్లేడ్లు తీసేసి పెన్సిళ్లు చెక్కి ఇవ్వండి.

'ఇంత నల్లగా ఎందుకేశావు?' అని అడగొద్దు. చేతికిచ్చింది బొగ్గే కదా! వెనక తేదీ వేసి దాచండి. వేసినవాళ్లు ఒప్పుకోకుండా గోడకు పెట్టొద్దు, ఫోన్‌లో పంపొద్దు. బొమ్మలోనో మాటలోనో చావు ప్రస్తావన వస్తే నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు. మందులతో మనసు మొద్దుబారినట్టుంటే డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. ఉన్నట్టుండి మానేస్తే తలతిరుగుడు, నిద్రలేమి రావొచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు దాని కిందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అచ్చు వేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు.

— చిత్రకళ ఉపాధ్యాయులు కొందరు, హైదరాబాద్