డాన్ పావెల్ గురించి ఒక ఉత్తరం

ప్రియమైన ప్రసాదుకు,

ఉభయకుశలోపరి. అమెరికాలో వ్యంగ్య నవల రాసినవాళ్ళలో మార్క్ ట్వైన్ కాక ఇంకెవరిని చదవాలని నువ్వు కిందటి ఉత్తరంలో అడిగావు. ఆ ప్రశ్న పుణ్యమా అని నేను డాన్ పావెల్ నవలలు మళ్ళీ తీసి కూర్చోవడం వల్లే ఈ జవాబు ఇంత ఆలస్యమైంది. ఆమె పేరు నువ్వు విని ఉండవు. అందులో నీ తప్పేమీ లేదు, ఆమె దేశంలోనే చాలామంది వినలేదు.

ఆమె 1896లో ఒహాయో రాష్ట్రంలోని మౌంట్ గిలియడ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఏడేళ్ళ వయసులో తల్లి పోయింది. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్మే మనిషి కావడంతో ముగ్గురు ఆడపిల్లలూ ఒక చోట నిలవకుండా పెరిగారు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, ఈ పిల్ల కథలు రాసుకున్న నోటుపుస్తకాలను సవతి తల్లి తగలబెట్టింది. దానితో ఇల్లు వదిలి పారిపోయి, షెల్బీ అనే ఊళ్ళో తల్లి తోబుట్టువు పంచన చేరింది. చదువు ముగించుకొని 1918లో న్యూయార్కు వెళ్ళి, చివరిదాకా అక్కడే ఉండిపోయింది. ప్రకటనల రంగంలో పనిచేసే అతన్ని పెళ్ళాడింది. 1921లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకుకు జీవితమంతా ఒకరి సంరక్షణ అవసరమైంది. ఆ ఖర్చుల మధ్య, అప్పుల మధ్య, ఒక దశలో ఉంటున్న ఇల్లు కూడా పోయిన స్థితిలో, ఆమె పదిహేను నవలలు రాసింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ నవ్వించినది 1942లో వచ్చిన ‘ఎ టైమ్ టు బి బార్న్’. ఒహాయో నుంచి వచ్చిన ఆమాండా అనే యువతి ఒక పత్రికాధిపతిని పెళ్ళాడి, అతని పత్రికల బాకా సాయంతో మహారచయిత్రిగా చెలామణీ అవుతూ, యుద్ధం గురించీ లోకం గురించీ గంభీరమైన అభిప్రాయాలు ప్రకటిస్తూ ఉంటుంది. ఈ పాత్రకు మూలం ‘టైమ్’ పత్రికాధిపతి భార్య క్లేర్ బూత్ లూస్ అని అందరూ అనుకున్నారు. కాదు, అయిదారుగురిని కలిపి అల్లిన పాత్ర అని పావెల్ ఏళ్ళ తరబడి వాదించింది. తీరా ఒకనాడు పాత కాగితాలు తిరగేస్తుంటే, క్లేర్ లూస్ మీద ఒక నవల ఎందుకు రాయకూడదని 1939లో తన చేత్తోనే రాసుకున్న చీటీ దొరికింది. ఇప్పుడు నన్ను నమ్మాలా, నన్నే నమ్మాలా అని తన డైరీలో తనమీదే చమత్కరించుకుంది. ఇతరులను చూసి నవ్వేవాళ్ళు మనకు కొరత లేదు కానీ, ఆ వరుసలో తననూ నిలబెట్టుకొని నవ్వగలిగిన మనిషి కాబట్టే నాకు ఈమె మీద ఇంత గురి. ఆమాండాలాగే తానూ ఒహాయో చిన్న ఊరి నుంచి పేరు కోసం న్యూయార్కు వచ్చినదేనన్న సంగతి ఆమె ఏనాడూ మరిచిపోలేదు.

మరి పాఠకులు ఎందుకు పట్టించుకోలేదంటావా? 1948లో వచ్చిన ‘ది లోకస్ట్స్ హావ్ నో కింగ్’ను సమీక్షిస్తూ, ఇంత ప్రతిభను ఇంత అల్పమైన మనుషుల మీద ఖర్చు చెయ్యడమేమిటన్న ధోరణిలో డయానా ట్రిల్లింగ్ అనే విమర్శకురాలు పెదవి విరిచింది. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. తాగుబోతులూ, గొప్పలకు పోయేవాళ్ళూ, పార్టీల్లో ఎవరి పక్కన నిలబడాలో లెక్కలు వేసుకునేవాళ్ళూ అల్పులే కావచ్చు, కానీ వ్యంగ్యానికి పని ఉండేది వాళ్ళ దగ్గరే కదా! అయితే ప్రేమించడానికి ఒక్క మంచి మనిషినైనా చూపించమని కోరే పాఠకుడికి పావెల్ అంత తేలికగా లొంగదన్న మాట మాత్రం నిజం.

1954 నాటి ‘ది వికెడ్ పెవిలియన్’లో మారియస్ అనే చిత్రకారుడు చనిపోయాడని పుకారు పుడుతుంది. అంతే, బతికుండగా పలకరించనివాళ్ళంతా అతని బొమ్మల కోసం ఎగబడతారు, గిరాకీకి సరిపోక స్నేహితులు దొంగ బొమ్మలు కూడా వేస్తారు. మారియస్ మాత్రం బతికే ఉంటాడు. చచ్చినవాడి కళ్ళు చారెడన్న మన సామెతకు ఇంతకన్నా మంచి కథ నేను చదవలేదు.

పావెల్‌కు అదీ దక్కలేదు. చివరి నవల ‘ది గోల్డెన్ స్పర్’ నేషనల్ బుక్ అవార్డు పరిశీలన దాకా వెళ్ళింది కానీ బహుమతి రాలేదు. 1965 నవంబరులో పెద్దపేగు క్యాన్సర్‌తో పోయేనాటికి ఆమె పుస్తకాలు దాదాపు దొరకని స్థితి. దేహాన్ని వైద్య పరిశోధనకు రాసి ఇచ్చింది. కొన్నేళ్ళ తరువాత అవశేషాలను తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే, న్యూయార్కు నగరం అనాథలను పూడ్చే హార్ట్ ఐలాండ్‌లో పూడ్చారు. 1987లో గోర్ విడాల్ అనే అమెరికన్ నవలాకారుడు ఒక పెద్ద వ్యాసం రాసి కదిలించాక పుస్తకాలు మళ్ళీ అచ్చులోకి రావడం మొదలైంది. ఆ తరువాత టిమ్ పేజ్ అనే సంగీత విమర్శకుడు ఆమె డైరీలకు సంపాదకత్వం వహించి 1995లో అచ్చువేయించాడు, 1998లో జీవిత చరిత్ర రాశాడు. 2001లో లైబ్రరీ ఆఫ్ అమెరికా అనే ప్రచురణ సంస్థ ఆమె నవలలను రెండు సంపుటాలుగా తెచ్చింది. అంటే మారియస్‌కు పుకారుతోనే దక్కిన గిరాకీకి ఆమె చనిపోయాక కూడా ఇరవై ఏళ్ళకు పైగా ఎదురుచూడవలసి వచ్చింది.

నా దగ్గరున్న ‘ఎ టైమ్ టు బి బార్న్’ ప్రతిని వచ్చే వారం పోస్టులో పంపుతున్నాను. అంచుల్లో నేను పెన్సిలుతో గీసిన గీతలను క్షమించు. చదివాక ఆమాండా నీకు మన ఎరికలో ఎవరిని గుర్తు చేసిందో తప్పకుండా రాయి. నాకు ఒక పేరు తట్టింది కానీ, నీ ఉత్తరం వచ్చేదాకా బయటపెట్టను.

నీ
శ్రీనివాసు