పాత బంకు జాగాల్లో సెల్లార్ తవ్వే ముందు నేల కింది గాలి టెస్ట్ చేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మూతపడ్డ పెట్రోల్ బంకు జాగాలంటే మెయిన్ రోడ్డు మీద కార్నర్ బిట్లు కాబట్టి వాటికి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, బంకు ఎత్తేయడం ఆలస్యం షాపింగ్ కాంప్లెక్స్ లేస్తోంది, కింద సెల్లార్ ఎలాగూ ఉంటుంది. నేను సైట్ పనులు చూసుకునేవాణ్ణి. మా ఊళ్లో ఇలాంటి ఒక జాగాలో ట్యాంకులు పైకి తీసేటప్పుడు అక్కడే ఉన్నాను, ట్యాంకు కింది మట్టి నల్లగా నూనె పట్టినట్టుంది, గుంతలో ఊరిన నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది. పైపైన కాస్త మట్టి ఎత్తేసి మొరం కొట్టించి రోలర్ తిప్పేశారు, అంతే. ఇప్పుడు అక్కడే సెల్లార్ తవ్వుతున్నారు. అడిగితే "బోరు నీళ్లు టెస్ట్ చేయించాం సార్, వాసన కూడా రావట్లేదు కదా" అంటున్నారు.

నీళ్ల సంగతి సరే, గాలి సంగతి ఎవరు చూశారు? లీకైన పెట్రోల్ మట్టిలో ఇంకి, భూగర్భ నీళ్ల మీద పొరలా తేలుతూ ఏళ్ల తరబడి ఆవిరవుతూ ఉంటుంది, ఆ ఆవిరి గచ్చు పగుళ్లలోంచి, పైపులు దూర్చిన కంతల్లోంచి, లిఫ్ట్ గుంతలోంచి లోపలికొస్తుంది. ఏసీ కోసం తలుపులన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెడితే ఇంకా లాక్కుంటుంది. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం, మన దేశంలో బయటి గాలికి పెట్టిన హద్దే ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు, ముక్కుకి తెలిసే సరికి దానికి వందల రెట్లు దాటిపోయి ఉంటుంది. వాసన లేదంటే ఏమీ లేదని కాదండి.

అలాగని ప్రతి పాత బంకు జాగా ప్రమాదమేం కాదు, అనవసరంగా భయపెట్టడం నాకిష్టం లేదు. ఆక్సిజన్ అందితే మట్టిలో సూక్ష్మజీవులే ఈ ఆవిరిని చాలావరకు తినేస్తాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) 2015లో ఇచ్చిన గైడ్‌లో లెక్క కూడా ఉంది, పెట్రోల్ నీళ్లలో కరిగి మాత్రమే ఉంటే బిల్డింగ్ అడుగుకీ దానికీ మధ్య 6 అడుగుల శుభ్రమైన మట్టి, పెట్రోల్ పెట్రోల్‌గానే ఉంటే 15 అడుగులు ఉండాలి. మరి మనం చేసేదేంటి? సెల్లార్ పేరుతో సరిగ్గా ఆ కాపాడే మట్టినే తవ్వి పారేస్తున్నాం! పైగా తెలంగాణలో చాలాచోట్ల కాస్త తవ్వగానే గ్రానైట్ రాయి, రాతి పగుళ్లలో ఆవిరి నేరుగా వచ్చేస్తుంది, అక్కడ ఈ అడుగుల లెక్క పనిచెయ్యదు. ఇప్పుడొచ్చే ఈ20 లాంటి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ లీకైతే ఆ ఇథనాల్ ఆక్సిజన్ని ముందే తినేసి, మండే వాయువు మీథేన్‌ని పుట్టిస్తుంది, అది ఇంకో తలనొప్పి. డ్రైనేజీ లైన్లు కూడా వదలకూడదు, 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాదలహారాలో పైప్‌లైన్‌కి పడ్డ కంత నుంచి పెట్రోల్ డ్రైనేజీలోకి చేరి వీధులకి వీధులే పేలిపోయాయి, రెండొందల మందికి పైగా పోయారు.

టెస్ట్ ఏమంత బ్రహ్మవిద్య కాదు. ట్యాంకులున్న చోట, పంపులకి లైన్లు వెళ్లిన దారిలో, ట్యాంకర్ దింపుకునే పాయింట్ దగ్గర బోరు వేసి సన్న గొట్టం దించి రెండు మూడు లోతుల్లో నేల గాలి లాగాలి, బెంజీన్‌తో పాటు ఆక్సిజన్, మీథేన్ కూడా కొలవాలి, ఆక్సిజన్ అడుగంటిందంటే సూక్ష్మజీవులు పని ఆపేసినట్టే. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చెయ్యాలి, నీటిమట్టం మారితే లెక్కలూ మారతాయి. తేడా ఉందని తేలితే స్లాబ్ కింద ఆవిరి ఆపే షీట్ పరిచి, గాలి పోయే పైపు డాబా మీదికి తీయొచ్చు. ఇప్పుడైతే తక్కువలో అయిపోతుంది, షాపులు తెరిచాక గచ్చు పగలగొట్టాలంటే ఎవరు ఒప్పుకుంటారు?

కొత్త బంకు పెట్టేటప్పుడు స్కూలు, ఆస్పత్రి, ఇళ్లకి ఎంత దూరమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) 2020 గైడ్‌లైన్స్ చూస్తారు, బంకు పోయాక ఆ జాగా సంగతి మా దగ్గర ఎవరూ అడగలేదు. కేంద్రం 2025 జులైలో కలుషిత ప్రదేశాల రూల్స్ తెచ్చింది, వాటి ప్రకారం అనుమానం ఉన్న జాగాల్ని స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం గుర్తించి లిస్టు పంపాలి, పొల్యూషన్ బోర్డు పరిశీలించాలి. మున్సిపల్ కమిషనర్లు తమ పరిధిలో మూతపడ్డ బంకుల్ని ఆ లిస్టులోకి ఎక్కించాలి, నేల గాలి రిపోర్టు లేకుండా అక్కడ సెల్లార్ ప్లాన్ పాస్ చెయ్యకూడదు. మా ఊళ్లో ఇంకా స్లాబ్ పడలేదు, ఇప్పుడు ఆపినా టైముంది.

— ఒక పాఠకుడు, హనుమకొండ