రైలు వదిలేసిన దారే సైకిల్‌కి మేలు

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్ వెళ్లేవాళ్ల కోసం మన పత్రికల ప్రయాణ పేజీల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. బార్సిలోనా, మాడ్రిడ్ ముచ్చట్లయ్యాక చివర్లో 'ప్రశాంతమైన పల్లెదారుల్లో సైకిల్ మీద కూడా తిరగొచ్చు' అని ఒక్క వాక్యం ఉంటుంది. ఏ దారి, ఎంత దూరం, నీళ్లెక్కడ దొరుకుతాయి, ఎలాంటి టైరు కావాలి అన్న సంగతులేవీ ఉండవు. ఆ వాక్యాన్ని నమ్ముకుని అద్దె సైకిల్‌తో నేరుగా కొండ రోడ్డెక్కితే మధ్యాహ్నానికి నీళ్లైపోతాయి, ఊళ్లో కొట్లు మూసుంటాయి. అందుకే ఈ వివరాలు రాస్తున్నాం.

మొదటిసారి వెళ్లేవాళ్లు రోడ్డు మీద కాదు, పాత రైలు కట్ట మీద మొదలుపెట్టాలి. స్పెయిన్‌లో వీటిని 'వీయా వెర్దె' అంటారు, అంటే పచ్చదారి. రైళ్లు ఆగిపోయిన మార్గాల్లో పట్టాలు తీసేసి, నేల చదునుచేసి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలే పని 1993లో మొదలైంది. స్పానిష్ రైల్వేల ఫౌండేషన్ దీన్ని చూస్తోంది. ఇప్పటికి 3,000 కిలోమీటర్లకు పైగా సిద్ధమైంది. ఆవిరి ఇంజన్ పెద్ద ఎత్తులు ఎక్కలేదు కాబట్టి ఈ కట్టల మీద ఏటవాలు మామూలుగా నూటికి మూడు దాటదు. కొండ అడ్డమొస్తే సొరంగం, లోయ వస్తే వంతెన. సామాను కట్టిన సైకిల్‌కి అంతకంటే ఏం కావాలి? మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. పొలాలకు వెళ్లే ట్రాక్టర్లు మాత్రం కొన్నిచోట్ల కనిపిస్తాయి.

ఒక్క దారే తొక్కే వీలుంటే మా ఓటు దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియా ప్రాంతంలో ఉన్న 'వీయా వెర్దె దె లా సియెర్రా'కి. పుయెర్తో సెర్రానో నుంచి ఓల్వెరా దాకా 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు. హెరెస్ నుంచి అల్మార్గెన్‌కి రైలు వేస్తామని 1920ల్లో సైనిక నియంత ప్రిమో దె రివేరా పాలనలో కొండలు తొలిచారు, వంతెనలు కట్టారు, స్టేషన్లు లేపారు. ఒక్క రైలూ నడవలేదు. ఓల్వెరా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడినుంచి దిగుతూ వస్తే సులువు. అదేరోజు తిరిగి రావాలనుకుంటే మాత్రం పొద్దున్నే పుయెర్తో సెర్రానోలో బయల్దేరి ఎక్కండి, అలసిపోయే వేళకి దిగుడు ఉంటుంది. దారి మధ్యలో సఫ్రమగోన్ గుట్ట దగ్గర ఓ గంట ఆగాలి. ఆ రాతిగోడంతా రాబందుల గూళ్లే. ఎండ కాస్త వేడెక్కాక ఒక్కొక్కటే రెక్క విప్పి, కొట్టకుండా, గాలి మీద గుండ్రంగా పైకి లేస్తాయి. మన పల్లెల్లో పాతికేళ్లుగా కనబడని పక్షిని అంత దగ్గర్లో చూడడం మనవాళ్లకి మామూలు విషయం కాదు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది సొరంగాల్లోనే. ఎర్రటి ఎండలోంచి, నల్ల కళ్లద్దాలతో, ఇరవై కిలోమీటర్ల వేగంతో చీకట్లోకి దూసుకెళ్తే మొదటి కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఓ కుటుంబం నడిచొస్తుంటుంది. కొన్నిట్లో మనిషి రాగానే వెలిగే దీపాలున్నాయి కానీ వాటిని నమ్ముకోవద్దు. ముందు కనీసం 300 ల్యూమెన్ల లైటు, వెనక ఎర్రలైటు ఉండాలి. సొరంగంలో లైటు వేయడం అక్కడి చట్టం కూడా. సొరంగం నోటి దగ్గరే కళ్లద్దాలు తీసేసి వేగం తగ్గించండి. లోపల నీళ్లూరే చోట నేల జారుతుంది. చెమటతో దూరితే చలి కొడుతుంది కాబట్టి పల్చటి జాకెట్ చేతికందేలా పెట్టుకోవాలి.

రెండు మూడు రోజుల యాత్రకి హయెన్ నుంచి పుయెంతె హెనీల్ వరకూ ఉన్న నూనె దారి, 'వీయా వెర్దె దెల్ అసేతె' బాగుంటుంది. సుమారు 128 కిలోమీటర్లు. ఒకప్పుడు ఆలివ్ నూనె మోసిన రైలు మార్గమిది, 1985లో ఆగిపోయింది. ఇనుప వంతెనలు అలాగే ఉన్నాయి. కనుచూపు మేరంతా ఆలివ్ తోటలే. నవంబరు నుంచి జనవరి దాకా కాయ దులిపే కాలం, ట్రాక్టర్లు దాటే చోట బురద దారి మీదికొస్తుంది. ఇంకొకటి, ఊరి పేరున్న స్టేషన్ ఊళ్లో ఉండదు. లూకె స్టేషన్ కింద ఉంటే లూకె ఊరు పైనెక్కడో కొండమీద ఉంటుంది. సుఎరోస్ కూడా అంతే. రోజంతా చదునుగా తొక్కి, సాయంత్రం పడక కోసం నిట్టనిలువు ఎక్కాల్సొస్తుంది. గది మాట్లాడుకునేటప్పుడు దారి నుంచి ఎంత దూరమని కాదు, ఎంత ఎత్తని అడగండి.

పెద్ద యాత్ర కావాలంటే ఓహోస్ నెగ్రోస్ దారి ఉంది. తెరుయెల్ గనుల ఇనుప ఖనిజాన్ని సగుంతో రేవుకి చేర్చిన ఈ మార్గం 1972లో మూతబడింది. 160 కిలోమీటర్ల పైమాటే. తెరుయెల్ వైపు నుంచి సముద్రం వైపుకే తొక్కాలి. ఎస్కాందోన్ కనుమ 1,200 మీటర్ల పైన ఉంటుంది, అది దాటాక చాలాభాగం దిగుడే. బరాకస్ దగ్గర గాలి మరలు వరసగా కనిపిస్తాయి. అక్కడ మరలు ఊరికే పెట్టలేదు. ఎదురుగాలి పడితే దిగుడులో కూడా తొక్కాల్సిందే. తెరుయెల్, సోరియా జిల్లాల్లో చదరపు కిలోమీటరుకి పదిమంది కూడా ఉండరు. ఆ నిశ్శబ్దం గొప్పదే. కానీ సైకిల్ పాడైతే మెకానిక్ ఉండడు, ఊళ్లో దుకాణమూ ఉండకపోవచ్చు.

పిల్లలతో వెళ్లేవాళ్లకి బార్సిలోనా ఉన్న కాతలోనియా ప్రాంతంలో ఓలోత్ నుంచి జిరోనా వరకూ 57 కిలోమీటర్ల కరిలెత్ దారి చాలు. అద్దె సైకిళ్లు సులువుగా దొరుకుతాయి.

రైలు కట్ట లేనిచోట మిగిలేవి మూడు. ఒకటి, కాస్తీయా కాలువ గట్టు. 1753లో మొదలై 1849లో పూర్తయిన ఈ 207 కిలోమీటర్ల కాలువలో గోధుమ పడవల్ని కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ లాగేవి. ఆ గట్టే ఇప్పుడు సైకిల్ దారి. రెండు, పశువుల బాటలు. మందల్ని చలికాలం దక్షిణానికీ, ఎండాకాలం ఉత్తరానికీ తోలిన దారులివి, పెద్దవి 75 మీటర్ల వెడల్పు. 1995 నాటి చట్టం వీటిని ప్రజల ఆస్తిగా కాపాడుతోంది. మ్యాపులో గీత చక్కగానే ఉంటుంది, నేల మీద దున్నేసి ఉండొచ్చు. అందుకని వీటిని రోజులో సగానికి మించి లెక్కలో వేసుకోవద్దు. మూడు, పాత జాతీయ రహదారులు. పక్కనే టోల్ లేని కొత్త మోటారు రహదారి పడితే పాతది ఖాళీ అవుతుంది. ఎ-23 అనే మోటారు రహదారి వచ్చాక తెరుయెల్, సగుంతోల మధ్య పాత ఎన్-234 రోడ్డుకి జరిగింది ఇదే. పక్కన టోల్ రోడ్డుంటే మాత్రం లారీలన్నీ పాత రోడ్డునే పట్టుకుంటాయి, అటు పోవద్దు. రోడ్డెక్కితే ఊళ్ల బయట హెల్మెట్ తప్పనిసరి. మనల్ని దాటే బండి కనీసం 1.5 మీటర్లు ఎడం ఇవ్వాలని అక్కడి నియమం.

ఇక సైకిల్ సంగతి. 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు తీసుకోండి. 40 మిల్లీమీటర్ల దానికి సామానుతో 40–45 పీఎస్ఐ గాలి చాలు. అక్కడ పంక్చర్లకు పెద్ద కారణం మనకి చిన్నప్పటినుంచీ తెలిసిందే, పల్లేరు కాయ. అదే మొక్క, అక్కడ 'అబ్రోహో' అంటారు. కాయ ఎండి ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్లు, ఎలా పడినా ఒకటి పైకే నిలబడుతుంది. అందుకే ఎండాకాలం చివర్లో దారి పక్క గడ్డిలోకి సైకిల్ తోయొద్దు, ఆగాల్సొస్తే ఎత్తి పెట్టండి. ట్యూబ్‌లెస్ టైరులో ఒక్కోదానికి 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లుని లోపలినుంచి మూసే ద్రవం) పోస్తే ఈ ముళ్లు పెద్ద బాధ కాదు. ఎండకి అది ఆరిపోతుంది, బయల్దేరేముందు చూసుకుని 30 మిల్లీలీటర్లు కలపాలి. ట్యూబుతో వెళ్లేవాళ్లు కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇంకో ముల్లుంది. ఒకటి పీకేసి మిగతావి చూడకపోవడం వల్లే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది.

వానపడ్డ రోజు రేగడి నేలలోకి దిగొద్దు. అందలూసియాలో గ్వాదల్‌కివీర్ నది మైదానంలో మన నల్లరేగడి లాంటి మట్టే ఉంది. చక్రానికీ ఫ్రేముకీ మధ్య బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా తొక్కితే గేర్లు మార్చే డెరైలర్‌ని పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, విరుగుతుంది. ఒక్కో సైకిల్ మోడల్‌కి ఒక్కో రకం కాబట్టి పల్లెలో దొరకదు. మీ సైకిల్‌కి సరిపడేది ఒకటి సంచిలో ఉండాలి.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు. ఊరి కుళాయి మీద 'పొతాబ్లె' అని ఉంటే తాగొచ్చు, 'నో పొతాబ్లె' అంటే వద్దు. 'సిన్ గరంతీయా సనితారియా' అని ఉంటే ఆ నీటిని శుద్ధి చేసినట్టు ఎవరూ పూచీ పడడం లేదని అర్థం. పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా మూసేస్తారు, ఆదివారం చాలాచోట్ల తెరవనే తెరవరు. శనివారం మధ్యాహ్నానికే రొట్టె, పళ్లు కొనిపెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో దక్షిణాదిన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా, మళ్లీ సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు చివరి దాకా అనువైన కాలం. చలికాలపు ఆదివారాల్లో దారికడ్డంగా 'బతీదా' అన్న పలక కనిపిస్తే ఆ పూట అడవిపంది వేట ఉందని గుర్తు, వెనక్కి తిరగాల్సిందే. గొర్రెల మంద దగ్గర మస్తీన్ అనే పెద్ద కాపలా కుక్క ఎదురైతే తప్పించుకుపోవాలని వేగంగా తొక్కొద్దు, వెంటపడుతుంది. దిగి, సైకిల్‌ని కుక్కకీ మనకీ మధ్యలో ఉంచుకుని, మంద వైపు వెళ్లకుండా నెమ్మదిగా నడవండి.

చివరిగా, వ్యాసాల్లో ఎక్కడా కనబడని సంగతి ఒకటుంది. మన సైకిళ్లకి కుడిచేతి లివర్ ముందు బ్రేకు. స్పెయిన్ అద్దె సైకిళ్లకి మామూలుగా ఎడమచేతిది ముందు బ్రేకు. కంకర దిగుడులో వెనక బ్రేకనుకుని అలవాటుగా ఎడమది బిగిస్తే ముందు చక్రం పట్టేసి మనిషి ఎగిరిపడతాడు. సైకిల్ తీసుకోగానే దుకాణం ముందే నాలుగుసార్లు ఒక్కో లివర్ నొక్కి చూడండి. మార్చడానికి వీలైన రకమైతే అక్కడే మార్పించుకోండి. ఇకమీదట స్పెయిన్ వ్యాసం వేసేటప్పుడు ఆ ఒక్క వాక్యం పక్కన దారి పేరు, పొడవు, నీళ్లు దొరికే ఊళ్లు కూడా వేయాలని కోరుతున్నాం.

— కొందరు సైకిల్ యాత్రికులు, హైదరాబాద్