మార్చితే మార్చండి, చెప్పి మార్చండి

సంపాదకుడు గారికి,

రాత్రిపూట మా మనవరాలికి ఇంగ్లండు పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ రాసిన మాయచెట్టు కథలు చదివి వినిపిస్తున్నాను. నా చేతిలో ఉన్నది నా చిన్నప్పటి ప్రతి, అట్ట ఎప్పుడో ఊడిపోయింది. దాని చేతిలో ఈమధ్య కొన్న కొత్త ముద్రణ. నేను "బెస్సీ, ఫ్యానీ" అనగానే ఆపేసింది. "ఫ్యానీ కాదు తాతయ్యా, ఫ్రానీ. బెస్సీ ఎవరు? ఇక్కడ బెత్ అని ఉంది" అంది. ఇంకొంత దూరం వెళ్ళాక డేమ్ స్లాప్ వచ్చింది. పేరులోనే చెంపదెబ్బ ఉన్న ఆ పంతులమ్మ కొత్త పుస్తకంలో డేమ్ స్నాప్ అయింది, కొట్టడం మాని కసురుకుంటోంది. పిల్ల దృష్టిలో తప్పు చదువుతున్నది నేనే. కాదని చూపిద్దామంటే కొత్త ప్రతిలో ఎక్కడా, ముద్రణ వివరాల పేజీలో కూడా, కథను దిద్దామన్న ముక్క ఒక్కటి లేదు. రచయిత్రి పేరు మాత్రం అట్ట మీద ఎప్పటిలాగే పెద్ద అక్షరాల్లో ఉంది.

దిద్దడమే నేరమని నేననను. ఆమె కథలు కొన్ని ఇప్పుడు చదివితే నాకే ఇబ్బందిగా ఉంటుంది. 1937 నాటి ఒక కథలో నల్ల బొమ్మను ఎవరూ దగ్గరికి రానివ్వరు. వానలో తడిసి రంగు కొట్టుకుపోయి ముఖం గులాబీరంగుకు తిరిగాక గానీ దానికి ఆదరణ దొరకదు. "అది ఆ కాలం తీరు" అని అభిమానులు సర్దిచెబుతుంటారు. కానీ ఆమె బతికుండగానే, 1966లోనే, గార్డియన్ పత్రికలో ఆ కథను తప్పుపట్టారు. చిన్నపిల్లల కోసం ఆమె రాసిన 'నాడీ' అనే బొమ్మ కథల పుస్తకాల్లోంచి, నల్లవాళ్ళను వెక్కిరించినట్టుండే గాలివాగ్ బొమ్మల్ని తీసేశారంటే నాకేమీ బాధ లేదు. బొమ్మలు చూసి మురిసే నాలుగేళ్ళ పిల్లకు ముందుమాట రాసి చరిత్ర చెప్పలేం కదా.

అన్ని మార్పులూ అలాంటివి కావే! 2010లో ఆమె రాసిన ఫేమస్ ఫైవ్ సాహస కథల పుస్తకాల భాషను నేటి పిల్లల కోసమంటూ సవరించారు. మదర్, ఫాదర్ పోయి మమ్, డాడ్ వచ్చారు. పాత మాటతో ఎవరి మనసు నొచ్చుకుందని? పాఠకులు దాన్ని మెచ్చలేదు. 2016లో ప్రచురణకర్తలే పాత పాఠానికి వెనక్కి వచ్చారు. 2023లో మరో పిల్లల రచయిత రోఆల్డ్ డాల్ పుస్తకాల్లో వందలాది చోట్ల మాటలు మార్చిన సంగతి బయటపడి గొడవైతే, 17 పుస్తకాలను మార్చకుండా కూడా వేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. పత్రికలవాళ్ళు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎక్కడేం మారిందో సామాన్య పాఠకుడికి తెలిసేది కాదు.

బ్లైటన్ జీవితచరిత్రల విషయంలో దీనికి పూర్తిగా భిన్నమైన న్యాయం జరిగింది. 1952లో ఆమె పిల్లల కోసం రాసుకున్న స్వీయకథలో అంతా చల్లని సంసారమే. అసలు సంగతులు 1974లో బార్బరా స్టోనీ రాసిన జీవితచరిత్రతో వెలుగు చూశాయి: ఆమెకు సుమారు పదమూడేళ్ళప్పుడు తండ్రి ఇల్లు విడిచి వెళ్ళడం, విడాకుల తరువాత మొదటి భర్తను కూతుళ్ళకు దూరం చేయడం. 1989లో చిన్న కూతురు ఇమోజెన్ తన జ్ఞాపకాల్లో, అమ్మలో తల్లి మనసు మచ్చుకైనా లేదన్న అర్థంలో రాసింది. పెద్ద కూతురు జిలియన్‌కు గుర్తున్నది మాత్రం ప్రేమగల తల్లే. ఒకే ఇంట్లో పెరిగిన అక్కచెల్లెళ్ళు! ఎవరి మాట నిజమని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. అయినా నా తీర్పుతో పనేముంది, ఇద్దరి మాటా అచ్చులో ఉంది, చదివి ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. ఆమె జీవితం విషయంలో పాఠకులకు దక్కిన ఈ మర్యాద ఆమె రాసిన వాక్యాల విషయంలో ఎందుకు దక్కదు?

ఇది మనకు సంబంధం లేని ఇంగ్లండు గొడవ కాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళ వరకే హక్కులు. ఆమె పోయింది 1968 నవంబరులో. అంటే 2028 దాటితే ఇక్కడ ఎవరైనా ఆ పుస్తకాలు వేసుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు. అలా తేబోయేవాళ్ళు ఏ ఏటి ముద్రణను ఆధారం చేసుకున్నారో, ఏం మార్చారో, ఏం వదిలేశారో పుస్తకం మొదట్లో అర పేజీ రాస్తే చాలు. పిల్లలు ఆ పేజీ చదవరు, నిజమే. కొనిపెట్టే పెద్దలు చదువుతారు.

మీ పత్రికకూ ఒక విన్నపం. పిల్లల పుస్తకాల పునర్ముద్రణలను మీ పుస్తక పరిచయాల శీర్షికలో ప్రస్తావించినప్పుడు బొమ్మలు బాగున్నాయని, ధర ఇంతని రాసి ఊరుకోకుండా, లోపలున్నది పాత పాఠమో దిద్దిన పాఠమో కూడా ఒక వాక్యంలో తెలియజేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు