విషయం: ‘ఆరబెట్టిన చెక్క’ పేరుతో మీరు పంపిన పికప్ తొట్టి పలకలు, బోల్టుల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

నా పాత పికప్ బండి తొట్టి అడుగు రేకు తుప్పు పట్టి, అక్కడక్కడ చిల్లులు పడింది. కొత్త రేకు వేయించే స్తోమత లేక చెక్క అడుగు నేనే వేసుకుందామని మీ దగ్గర సెట్టు కొన్నాను. 140 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న పైన్ పలకలు, గుండ్రటి తల కింద చదరపు మెడ ఉండే క్యారేజ్ బోల్టులు, నట్టులు, వాషర్లు, బిగించే విధానం రాసిన కాగితం అందులో వచ్చాయి. కట్ట మీద ‘బట్టీలో ఆరబెట్టినది, చెద పట్టనిది’ అని అచ్చయి ఉంది. ఆ మాట చూసే కొన్నాను.

ఆరు నెలలు తిరక్కముందే ఒక్కో పలక 140 నుంచి 134 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది. మీ కాగితంలో చెప్పినట్టే సందు లేకుండా పేర్చాను. ఇప్పుడు సందుల్లోంచి ఇసుక, కంకర నేరుగా కిందికి జారుతున్నాయి. మందం కూడా తగ్గేసరికి నట్టులు వదులై, బండి కదిలితే చాలు అడుగంతా గడగడలాడుతోంది. మూడు పలకలు దొన్నెల్లా వంగాయి.

ఫోను చేస్తే మీ సిబ్బంది, ‘చెక్క అన్నాక కుంచించుకుపోతుంది, మీరు నూనె సరిగ్గా పట్టించి ఉండరు’ అన్నారు. ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. బిగించకముందే ప్రతి పలకకూ నాలుగు వైపులా, ముఖ్యంగా కోసిన చివరలకు, అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి రెండు పూతలు వేశాను. అది లోపలికి ఇంకలేదు, రోజుల తరబడి జిగటగానే ఉండిపోయింది. అప్పుడే అనుమానం వచ్చింది. లోపల నీళ్లు నిండి ఉంటే నూనె ఎక్కడికి పోతుంది?

మిగిలిన ఒక పలక మీ ప్లాస్టిక్ చుట్టలోనే ఉంది. అది విప్పి, చివర్లు త్వరగా ఆరతాయి కాబట్టి నడిమి నుంచి ఒక ముక్క కోసి తూచాను. 260 గ్రాములు. వంద డిగ్రీలు కాస్త దాటిన ఓవెన్‌లో, బరువు ఇక తగ్గని దాకా ఉంచాను. 200 గ్రాములకు వచ్చి ఆగింది. అంటే పోయిన 60 గ్రాముల నీరు, ఎండిన చెక్క బరువుతో పోలిస్తే 30 శాతం. ఆరిన పలక అంటే 12 శాతం దగ్గర ఉండాలి. ఆ లెక్కన ఆరి ఉంటే, వెడల్పులో 6 మిల్లీమీటర్లు పోయేదే కాదు.

మీరు అబద్ధమాడారని నేననడం లేదు. ఏం జరిగి ఉంటుందో ఆ పలకల ఆకుపచ్చ రంగే చెబుతోంది. ముందు బట్టీలో ఆరబెట్టి, తర్వాత చెద పట్టకుండా రాగి ద్రావణాన్ని ఒత్తిడితో ఎక్కించారు. ఆ ద్రావణం నీటితో కలిపింది, చెక్క మళ్లీ తడిసింది. రెండోసారి ఆరబెట్టకుండానే కట్ట కట్టారు. మొదటిసారి ఆరబెట్టిన మాట నిజమే కావచ్చు, కానీ నా చేతికి వచ్చింది పచ్చి చెక్కే.

బోల్టుల సంగతి ఇంకా ఘోరం. ఆర్సెనిక్ కలిసిన పాత ద్రావణాన్ని అమెరికాలో ఇళ్ల పనులకు 2003 చివరితో తయారీదారులు మానుకున్నాక, దాని స్థానంలోకి రాగి ఎక్కువగా ఉండే ద్రావణాలు వచ్చాయి. తడి ఉన్నచోట రాగి ఉక్కును తినేస్తుంది. అందుకే అలాంటి చెక్కకు కరిగిన జింకులో ముంచి తీసిన మందపు పూత బోల్టులో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలంటారు. చెక్కను తయారుచేసే మీకు ఇది తెలియదనుకోను. మీరు పంపినవి పల్చటి మెరుపు పూతవి. నేను విప్పి చూసిన నాలుగింటికీ చదరపు మెడ దగ్గర ముందు తెల్లటి పొడి, దాని కింద ఎర్రటి తుప్పు.

బోల్టులైతే మార్చుకోవచ్చు. పలకలు ఆనే, తొట్టి కింద అడ్డంగా ఉండే ఉక్కు చానళ్ల మీద నేను వేసిన పెయింటు కూడా ఆనినచోటల్లా పొక్కింది. ఈ బండికి అవి ఇప్పుడు విడిగా దొరకవు, అవి పోతే బండి పోయినట్టే. ఆ చానళ్లకూ చెక్కకూ మధ్య రబ్బరు పట్టీ వేయమని మీ కాగితంలో ఒక్క వాక్యం ఉన్నా నేను వేసి ఉండేవాణ్ణి. ఈ లేఖ రాస్తున్నది ఎక్కువగా ఆ వాక్యం లేనందుకే.

నేను అడిగేవి ఇవి. ద్రావణం ఎక్కించాక తిరిగి ఆరబెట్టిన పలకలు, వాటికి తగిన బోల్టులు నాకు పంపండి, లేదా నా డబ్బు పూర్తిగా తిరిగివ్వండి. చానళ్లను గీకి మళ్లీ పెయింటు వేయించే ఖర్చు మీరే భరించాలి. ఇక కట్ట మీది మాట మార్చండి. మందు ఎక్కించాక ఆరబెట్టారో లేదో కొనేవాళ్లకు తెలియాలి. ఆరిన పలకలకైనా, వానలో ఉబ్బుతాయి కాబట్టి, ఎంత సందు వదలాలో కాగితంలో రాయండి.

కొన్న రసీదు, బోల్టుల ఫోటోలు, తూకం వేసిన ఫోటోలు జతచేశాను. చుట్ట విప్పిన పలకను మళ్లీ ప్లాస్టిక్‌లో బిగించి దాచాను. మీ మనిషి వస్తే కళ్లముందే ఇంకో ముక్క కోసి తూచి చూపిస్తాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు